బ్లడ్ కల్చర్ సరిగ్గా తీయడం ఎలా? బెంగళూరులో నర్సింగ్ చదువుతున్న మన విద్యార్థులకు

అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి బెంగళూరు వచ్చి జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న పిల్లలు మైక్రోబయాలజీ పరీక్ష అయ్యాక దాదాపు అందరూ ఒకే మాట అడుగుతున్నారు. "కమెన్సల్, పాథోజెన్, కంటామినెంట్ అని బట్టీ పట్టి రాశాం. వార్డులో వీటితో మాకేం పని?" వార్డు పోస్టింగ్ మొదలయ్యాక ఇంకో ప్రశ్న వస్తుంది. "రిపోర్టులో కోఆగ్యులేజ్ నెగటివ్ స్టాఫిలోకాకస్ అని వచ్చింది. డాక్టర్ చూసి కంటామినేషన్ అన్నారు. తప్పెవరిది?"

రెంటికీ జవాబు బ్లడ్ కల్చర్ తీసే పనిలోనే ఉంది. రోగి రక్తాన్ని పోషక ద్రవం ఉన్న బాటిల్‌లో పోసి, అందులో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష ఇది. బాటిల్‌లోకి వెళ్ళాల్సింది రోగి రక్తంలో ఉన్న క్రిమి. రోగి చర్మం మీది క్రిమీ, మీ వేలి మీది క్రిమీ అందులోకి పోకూడదు. ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మెషిన్ ఉన్నా ఈ రెండిటినీ మీ తర్వాత ఎవరూ విడదీయలేరు.

ముందు తెలియాల్సినవి మూడే

ఒకటి, చర్మం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. కోఆగ్యులేజ్ నెగటివ్ స్టాఫిలోకాకస్ రకానికి చెందిన స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటివి వెంట్రుక కుదుళ్ళలో, నూనె గ్రంథుల్లో కాపురం ఉంటాయి. చర్మం మీద ఉన్నంతసేపు అవి కమెన్సల్స్, మనకు హాని చేయవు. సూదితో పాటు బాటిల్‌లో పడితే కంటామినెంట్స్, అంటే బయటి నుంచి కలిసిన క్రిములు అవుతాయి. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం) పట్టుకుని రక్తంలో పెరిగితే అవే పాథోజెన్స్, అంటే జబ్బు చేసే క్రిములు. క్రిమి మారలేదు, అది ఉన్న చోటు మారింది. ఎంత రుద్దినా లోతుల్లో కొన్ని మిగిలే ఉంటాయి. అందుకే రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు సెట్లు (సెట్ అంటే రెండు బాటిళ్ళు) తీస్తాం. ఒకే కంటామినెంట్ రెండు చేతుల నుంచీ రావడం అరుదు.

రెండు, సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) ఒళ్ళు కాలిపోతున్న పెద్దవాళ్ళలో కూడా మిల్లీలీటరు రక్తానికి ఒక్క బ్యాక్టీరియా దొరకడమే గగనం కావచ్చు. 3 మి.లీ. తీస్తే క్రిమి లేదని కాదు, మన వలకు చిక్కలేదని అర్థం. ఎక్కువ మంది శుభ్రత గురించే కంగారు పడి రక్తం ఎంత తీశామన్నది వదిలేస్తారు. రెండూ సమానంగా ముఖ్యమే.

మూడు, యాంటీబయాటిక్ ఒక్క డోసు పడినా కల్చర్‌లో పెరుగుదల తగ్గిపోతుంది. ముందు కల్చర్, తర్వాత మందు. అలాగని సెప్టిక్ షాక్‌లో (సెప్సిస్‌తో బీపీ పడిపోయిన స్థితి) ఉన్న రోగికి నరం (సిర) దొరకలేదని మందు ఆపకూడదు. కల్చర్ కోసం 45 నిమిషాలకు మించి యాంటీబయాటిక్ ఆలస్యం కానివ్వద్దు.

దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

వానాకాలంలో జ్వరం వార్డు నిండినప్పుడు "బ్లడ్ కల్చర్‌లో డెంగ్యూ తేలుతుందా సిస్టర్?" అని రోగి బంధువులే కాదు, విద్యార్థులూ అడుగుతారు. తేలదు. డెంగ్యూ వైరస్ బతకాలంటే జీవకణం కావాలి, బాటిల్‌లోని పోషక ద్రవంలో పెరగదు. దానికి జ్వరం మొదలైన మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్ ప్రోటీన్), ఆ తర్వాత ఐజీఎం (యాంటీబాడీ) చూస్తారు. మలేరియా పరాన్నజీవికి రక్తపు స్మియర్ (గాజు పలక మీద పలచగా పూసి మైక్రోస్కోప్‌లో చూడటం) చేస్తారు. క్షయ బ్యాక్టీరియా కూడా మామూలు బాటిల్‌లో పెరగదు, దానికి వేరే బాటిల్ ఉంటుంది.

టైఫాయిడ్‌కు మాత్రం బ్లడ్ కల్చర్ బంగారం లాంటిది, అదీ మొదటి వారంలో. క్లాసులో చెప్పిన "బాసు" గుర్తుందా? మొదటి వారం బ్లడ్, రెండో వారం అగ్లుటినేషన్, మూడో వారం స్టూల్, నాలుగో వారం యూరిన్. మూడు రోజుల జ్వరానికి వైడాల్ (ఆ అగ్లుటినేషన్ పరీక్షే) మాత్రమే పంపి నెగటివ్ వచ్చిందని ఊరుకుంటే టైఫాయిడ్ చేజారిపోతుంది.

సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక్కో సెట్‌కు రెండు బాటిళ్ళు: ఒకటి ఏరోబిక్ (ఆక్సిజన్‌లో పెరిగే క్రిములకు), ఒకటి అనేరోబిక్ (ఆక్సిజన్ లేకుండా పెరిగేవాటికి). మూత రంగు కంపెనీని బట్టి మారుతుంది, రంగు చూసి కాదు, లేబుల్ చదివి తీసుకోండి. పిల్లలకు పీడియాట్రిక్ బాటిల్ వేరు.
- ఒక్కో సెట్‌కు 20 మి.లీ. సిరంజి, 21 లేదా 22 గేజ్ సూది. వార్డులో ఉంటే బటర్‌ఫ్లై సెట్ (రెక్కలు, సన్నటి ట్యూబు ఉన్న సూది), హోల్డర్. అదే మేలు.
- 70 శాతం ఆల్కహాల్‌లో 2 శాతం క్లోర్‌హెక్సిడిన్. లేకపోతే 70 శాతం స్పిరిట్, 10 శాతం పోవిడోన్ అయొడిన్.
- బాటిల్ మూతలకు విడిగా 70 శాతం ఆల్కహాల్ స్వాబ్‌లు.
- టూర్నికెట్ (చేతికి బిగించే పట్టీ), గ్లౌజులు, స్టెరైల్ గాజ్ గుడ్డ, మైక్రోపోర్ టేపు, హ్యాండ్ రబ్.
- పెన్ను, లేబుళ్ళు, రిక్వెస్ట్ ఫారం.
- షార్ప్స్ డబ్బా. ఇది ట్రేలోనో మీ చేతికందేంత దూరంలోనో ఉండాలి. వార్డు చివర ఉన్న డబ్బా దాకా సూది పట్టుకుని నడిచేటప్పుడే గుచ్చుకుంటుంది.

చేసే విధానం

1. రోగి ఎవరో ఖాయం చేసుకోండి. వార్డులో ఇద్దరు మంజునాథ్‌లు ఉండటం బెంగళూరులో వింతేమీ కాదు. "మీరు మంజునాథేనా?" అంటే జ్వరం మత్తులో ఎవరైనా ఊ అంటారు. "నిమ్మ హెసరు హేళి" అని పేరు వాళ్ళ నోటితోనే చెప్పించండి, చేతి బ్యాండ్ మీది నంబర్‌తో సరిచూడండి. యాంటీబయాటిక్ ఇప్పటికే ఇచ్చారేమో డ్రగ్ చార్ట్‌లో చూడండి. ఇచ్చి ఉంటే ఏ మందు, ఎన్ని గంటలకు అన్నది ఫారం మీద రాయండి.

2. ఏం చేయబోతున్నారో చెప్పండి. రెండు చోట్ల గుచ్చుతారని ముందే చెప్పకపోతే రెండోసారికి చేయి ఇవ్వరు. కన్నడం వచ్చినంత చాలు: "స్వల్ప చుచ్చుత్తె, కై అల్లాడిసబేడి" (కొంచెం గుచ్చుకుంటుంది, చేయి కదపకండి). ఇంత రక్తమా అని భయపడేవాళ్ళకు రెండు సెట్లూ కలిపినా 40 మి.లీ. మాత్రమేనని, రక్తదానంలో తీసేది 350 మి.లీ. అని చెబితే కుదుటపడతారు.

3. బాటిళ్ళు చూడండి. ఎక్స్‌పైరీ తేదీ, పగుళ్ళు, ద్రవం మబ్బుగా ఉందా, అడుగున సెన్సార్ రంగు మారిందా అన్నవి గమనించండి. బ్యాక్ట్ అలర్ట్ అనే రకం బాటిల్ అడుగు నీలి ఆకుపచ్చగా ఉండాలి. రోగి రక్తం పడకముందే పసుపుగా ఉంటే పక్కన పెట్టండి. తర్వాత ఇప్పుడున్న ద్రవం మట్టం నుంచి 10 మి.లీ. ఎక్కడికి వస్తుందో లేబుల్ అంచు గీతలు చూసి పెన్నుతో గుర్తు పెట్టండి.

4. ప్లాస్టిక్ మూత తీసి, కింద ఉన్న రబ్బరును ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. మూత కింద ఉంది కాబట్టి శుభ్రంగానే ఉంటుందనుకోవద్దు, ఆ రబ్బరు స్టెరైల్ కాదు. దానికి అయొడిన్ రాయకండి, రబ్బరు పాడవుతుంది.

5. చేతులు హ్యాండ్ రబ్‌తో 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోండి. మురికి కనబడితే సబ్బు, నీళ్ళు, 40 నుంచి 60 సెకన్లు. టూర్నికెట్ కట్టి నరం వెతకండి. దొరికాక టూర్నికెట్ వదులు చేయండి, ఎందుకంటే చర్మం ఆరేలోగా నిమిషం దాటిపోతుంది.

6. చర్మం శుభ్రం చేయండి. కంటామినేషన్ ఎక్కువగా పుట్టేది ఇక్కడే కాబట్టి తొందర వద్దు. క్లోర్‌హెక్సిడిన్ అయితే ముందుకీ వెనక్కీ, అడ్డంగా నిలువుగా, గట్టిగా 30 సెకన్లు రుద్దండి. ఆపైన కనీసం 30 సెకన్లు దానంతటదే ఆరాలి. పోవిడోన్ అయొడిన్ అయితే ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, తర్వాత మధ్య నుంచి బయటకు చుట్లు తిప్పుతూ రాసి, ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు ఆగండి. తడిగా ఉన్న అయొడిన్ ఇంకా తన పని పూర్తి చేయలేదు. నోటితో ఊదడం, ఫారంతో విసరడం, గాజ్ గుడ్డతో అద్దడం చేస్తే చేసిన పనంతా వృథా. రెండు నెలల లోపు పసిపిల్లలకు క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం కాలినట్టయ్యే ప్రమాదం ఉంది, ఆ యూనిట్ పద్ధతి అడగకుండా వాడకండి.

7. మళ్ళీ హ్యాండ్ రబ్, గ్లౌజులు, టూర్నికెట్. ఇక ఆ చోటును ముట్టుకోవద్దు. తప్పనిసరిగా తడిమి చూడాల్సి వస్తే స్టెరైల్ గ్లౌజు వేసుకోండి, లేదా తడిమాక మొదటి నుంచీ శుభ్రం చేయండి.

8. సూది గుచ్చి 20 మి.లీ. తీయండి. బటర్‌ఫ్లై సెట్ అయితే బాటిల్ నిలువుగా, రోగి చేతి కన్నా కిందుగా ఉంచండి, లేకపోతే ద్రవం వెనక్కి నరంలోకి పోవచ్చు. మీరు పెట్టుకున్న గుర్తు మీద కన్ను ఉంచండి. బాటిల్‌లో వాక్యూమ్ 10 మి.లీ. దగ్గర ఆగదు, లాగుతూనే ఉంటుంది.

9. బాటిళ్ళలో నింపండి. బటర్‌ఫ్లై అయితే ఏరోబిక్ ముందు, ట్యూబులోని గాలి అందులోకే పోతుంది. సిరంజి అయితే అనేరోబిక్ ముందు, ఏరోబిక్ తర్వాత. రక్తం తక్కువ దొరికితే ఈ వరస పక్కన పెట్టి 10 మి.లీ. దాకా ఏరోబిక్‌కే ఇవ్వండి, మిగిలింది అనేరోబిక్‌కు. ప్లంజర్ నొక్కకండి, వాక్యూమే లాక్కుంటుంది. బాటిల్‌ను చేత్తో పట్టుకుని సూది గుచ్చకండి, బల్ల మీద నిలబెట్టండి. మధ్యలో సూది మార్చమని పాత పుస్తకాల్లో ఉంది, మార్చనక్కర్లేదు. దాంతో కంటామినేషన్ తగ్గేది అంతంతే, సూది గుచ్చుకునే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. మిగతా పరీక్షలకు కూడా రక్తం కావాలంటే కల్చర్ బాటిళ్ళ తర్వాతే ఆ ట్యూబులు.

10. బాటిళ్ళను నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేయండి. టూర్నికెట్ విప్పి సూది తీసి, గాజ్ గుడ్డ అదిమి పట్టండి. సూదికి మళ్ళీ మూత పెట్టకండి.

11. రెండో సెట్‌కు ఇంకో చేయి, కొత్త సూది, కొత్త సిరంజి, మళ్ళీ మొదటి నుంచి శుభ్రం. ఒకే నరం నుంచి 40 మి.లీ. తీసి నాలుగు బాటిళ్ళలో పోస్తే రెండు సెట్ల పని జరగదు. చర్మం మీది క్రిమి పడితే నాలుగింట్లోనూ పడుతుంది, అప్పుడు అసలైన ఇన్ఫెక్షనే అనిపిస్తుంది.

12. లేబుల్ రోగి మంచం పక్కనే అతికించండి. పేరు, నంబర్, తేదీ, సమయం, ఏ చేయి, మీ సంతకం. బాటిల్ బార్‌కోడ్ మీద, అడుగున సెన్సార్ మీద అతికించవద్దు, మెషిన్ చదవలేదు.

చివరగా చెత్త: సూది తెల్లటి పంక్చర్ ప్రూఫ్ డబ్బాలో, సిరంజి, గ్లౌజులు, ట్యూబులు ఎర్ర సంచిలో, రక్తం అంటిన గాజ్ గుడ్డ, దూది పసుపు సంచిలో. సూది గుచ్చుకుంటే వేలు పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బు, నీళ్ళతో కడిగి వెంటనే ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే వీలైనంత త్వరగా, రెండు గంటల్లోపే మొదలుపెట్టడం మంచిది. 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. తిడతారేమోనని దాచిపెట్టిన విద్యార్థికే నష్టం.

మామూలుగా దారి కుదరనప్పుడు

నరం దొరకకపోతే చాలామంది చూపు చేతికి ముందే వేసి ఉన్న క్యాన్యులా (ఐవీ గొట్టం) మీదికి పోతుంది. ఎప్పుడో వేసిన ఐవీ లైన్ నుంచి కల్చర్ తీయవద్దు, ఆ ప్లాస్టిక్ మీద చేరిన క్రిములే బాటిల్‌లోకి వస్తాయి. రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే సీనియర్ స్టాఫ్‌ను పిలవండి. తొడ మొదట్లోని గజ్జ భాగం చివరి దారి, అక్కడ పేగు బ్యాక్టీరియా కూడా ఉంటుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయవద్దు.

సెంట్రల్ లైన్ వల్లే జ్వరమేమోనని అనుమానముంటే లైన్ నుంచి ఒక సెట్, చేతి నరం నుంచి ఒక సెట్, ఒకే సమయంలో, ఒకే పరిమాణంలో తీయాలి. ఏది ఎక్కడిదో లేబుల్ మీద రాయాలి. లైన్ బాటిల్ చేతి బాటిల్ కంటే రెండు గంటలో ఇంకా ఎక్కువో ముందుగా పాజిటివ్ అయితే మూలం లైనే అని అర్థం. "ఎక్కడిది" అన్న ఒక్క మాట రాయకపోతే ఆ లెక్కంతా పోతుంది.

ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు, కవాటాలకు ఇన్ఫెక్షన్) అనుమానముంటే మూడు సెట్లు అడుగుతారు. పిల్లల్లో పరిమాణం బరువును బట్టి ఉంటుంది. నవజాత శిశువుకు ఒక మిల్లీలీటరు తీయడానికే కష్టపడాలి, అది పీడియాట్రిక్ బాటిల్‌లోనే పోయాలి. చలి, వణుకు వచ్చేదాకా ఆగాలా అని అడుగుతారు. ఆగనక్కర్లేదు, డాక్టర్ అడిగిన వెంటనే తీయండి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది వేలి తప్పు. చర్మం చక్కగా రుద్దుతారు, 30 సెకన్లు ఆగుతారు. సూది పట్టుకున్నాక నరం ఎక్కడుందో అనుమానం వస్తుంది, ఎడమ చూపుడు వేలితో ఒక్కసారి నొక్కి చూస్తారు. గ్లౌజు ఉందిగా అనుకుంటారు. ఆ గ్లౌజుతోనే ఇందాక మంచం కడ్డీ పట్టుకున్నారు, టూర్నికెట్ కట్టారు, రోగి చొక్కా చేయి పైకి మడిచారు. వాటన్నిటి మీది క్రిములూ సరిగ్గా సూది దిగే చోటికి చేరాయి. గ్లౌజు మిమ్మల్ని కాపాడుతుంది, బాటిల్‌ను కాదు. నరం చోటు మరిచిపోతామనిపిస్తే ముందే చర్మం మీది పుట్టుమచ్చో ముడతో ఏదైనా గుర్తు చూసిపెట్టుకోండి.

రెండోది ఐస్ బాక్స్. చిన్న నర్సింగ్ హోముల్లో కల్చర్ మెషిన్ ఉండదు, శాంపిళ్ళు ఊరికి అవతలి వైపున్న ల్యాబ్‌కు బైక్ మీద వెళ్తాయి. తీసుకెళ్ళే కుర్రాడి పెట్టెలో మిగతా శాంపిళ్ళ కోసం ఐస్ ప్యాక్‌లు ఉంటాయి. కల్చర్ బాటిల్ కూడా అందులోకే వెళ్ళిపోతుంది. మెనింజోకాకస్, న్యూమోకాకస్, హీమోఫిలస్ లాంటివి చలికి తట్టుకోలేవు. బాటిల్ మామూలు గది వేడిలోనే వెళ్ళాలి, వార్డు ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండలో పెట్టకూడదు. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరేలా చూడండి. సిల్క్ బోర్డ్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్ మీకు తెలిసిందే, కాబట్టి పికప్ టైమ్ కనుక్కుని, తీసిన వెంటనే పంపే ఏర్పాటు చేయండి. రాత్రి తీసి పొద్దున దాకా కౌంటర్ మీద ఉంచితే మెషిన్‌లో పెట్టేలోపే బ్యాక్టీరియా పెరిగిపోయి, మెషిన్ ఆ మార్పును పట్టుకోలేకపోవచ్చు.

ఇంకో తప్పు, ఎక్కువ పోయడం. తక్కువైతే క్రిమి చిక్కదు, ఎక్కువైతే తెల్లరక్తకణాలు వదిలే కార్బన్ డై ఆక్సైడ్‌ను చూసి మెషిన్ పాజిటివ్ అని మోగుతుంది. గ్రామ్ స్టెయిన్ (క్రిములకు రంగు పట్టించి మైక్రోస్కోప్‌లో చూడటం) చేస్తే ఏమీ కనబడదు.

పని సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

ల్యాబ్ రిపోర్టు వచ్చినప్పుడు చదవకుండా ఫైల్‌లో పెట్టేయకండి. బాటిళ్ళు సాధారణంగా అయిదు రోజులు మెషిన్‌లో ఉంటాయి. 48 గంటలకు "నో గ్రోత్" అని వచ్చేది మధ్యంతర రిపోర్టే.

క్రిమి పెరిగితే రెండు సంగతులు చూడండి: ఏ క్రిమి, ఎన్ని సెట్లలో. స్టాఫిలోకాకస్ ఆరియస్, ఈ. కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, సాల్మొనెల్లా టైఫీ, క్యాండిడా ఒక్క బాటిల్‌లో వచ్చినా దాదాపు ఎప్పుడూ నిజమైన ఇన్ఫెక్షనే. క్యాండిడాను కంటామినేషన్ అని ఎప్పుడూ కొట్టిపారేయకూడదు. కోఆగ్యులేజ్ నెగటివ్ స్టాఫ్, మైక్రోకాకస్, డిఫ్తెరాయిడ్లు, బాసిల్లస్ రెండు సెట్లలో ఒక్కదాంట్లోనే వస్తే చర్మానివి కావచ్చని అనుమానిస్తారు. అదే కోఆగ్యులేజ్ నెగటివ్ స్టాఫ్ రెండు సెట్లలోనూ వచ్చి, రోగికి సెంట్రల్ లైనో గుండెలో కృత్రిమ కవాటమో ఉంటే దాన్ని నమ్మాల్సిందే. ఒక్క సెట్ మాత్రమే పంపి ఉంటే ఈ తేడా డాక్టర్‌కు తేలదు. ఆ అనుమానం మీదే రోగికి వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కుతుంది, ఆసుపత్రిలో రోజులు పెరుగుతాయి. దానికి బిల్లు కట్టేది ఆ కుటుంబమే.

మీ వార్డు ఎలా చేస్తోందో లెక్క వేయడం కష్టం కాదు. నెలలో 60 సెట్లు పంపారు, 4 కంటామినేషన్ అనుకోండి. 4ను 60తో భాగించి 100తో గుణిస్తే 6.7 శాతం. 3 శాతం లోపు ఉండాలి. 6.7 వచ్చిందంటే తీసే చోట నిలబడి చూడండి: చర్మం ఆరేదాకా ఆగుతున్నారా, మూత తుడుస్తున్నారా, మళ్ళీ తడుముతున్నారా. తుడిచే ద్రవం మార్చాలని ఆలోచించే ముందు ఈ మూడూ సరిచేయాలి. నెగటివ్‌లు మరీ ఎక్కువగా వస్తున్నాయనిపిస్తే గుర్తు పెట్టిన మట్టం దాకా రక్తం పోస్తున్నారా అని చూడండి.

పశువులతో, గొర్రెలతో పనిచేసేవారికి ఎన్నాళ్ళుగానో వచ్చిపోతున్న జ్వరం ఉంటే ఆ మాట ఫారం మీద రాయండి. అది బ్రూసెల్లా (పశువుల నుంచి సోకే బ్యాక్టీరియా) అయితే ప్లేటు తెరిచే టెక్నీషియన్‌కు గాలి ద్వారా అంటుకునే ప్రమాదం ఉంది. ముందే తెలిస్తే సేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరుస్తారు.

రాత్రి డ్యూటీలో ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చి "బాటిల్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ బాసిల్లై" అంటే పొద్దున రౌండ్స్ దాకా ఆపవద్దు. రోగి పేరు, నంబర్, ఏ చేతి బాటిల్, ఏం కనబడింది, ఎన్ని గంటలకు చెప్పారు, చెప్పినవారి పేరు రాసుకోండి. రాసింది వాళ్ళకు తిరిగి చదివి వినిపించి అవునని చెప్పించుకోండి. అప్పుడే డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసి, చేసిన సమయం నర్సింగ్ నోట్స్‌లో రాయండి.